పోయినాయన టోపీ

ఆదివారం పొద్దున్న, సెలూన్లో ఊపిరాడనంత జనం ఉన్న వేళ, ఓచి నొబోరు పోయాడన్న కబురు ఓచి నొబోరు చెవినే పడింది.

మా మత్సుయామాలో ట్రామెక్కే చోట కూడా హైకూ రాసి పడెయ్యడానికి ఒక పెట్టె ఉంటుంది. పద్యం రాయడం చేతకానివాడికైనా పక్కవాడి పద్యానికి వంకలు పెట్టడం బాగా వచ్చు. చేపల కొట్టు నినోమియా ఆ బాపతు. తన వంతు వచ్చేలోగా జిల్లా పత్రిక తిరగేసి, హైకూల పేజీ బిగ్గరగా చదివి, ఒక్కోదాన్నీ ఉతికి ఆరేస్తాడు. ఆ రోజూ అదే పనిలో ఉన్నాడు.

"ఆగండాగండి, ఇదేదో బాగుంది," అని గొంతు సవరించుకున్నాడు.

"కొక్కేనికి ఇంకా
పోయినాయన టోపీ...
శరత్కాలపు గాలి."

నొబోరు కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాయన "అబ్బా" అన్నాడు. నొబోరు కూడా కత్తెర ఆపకుండా, "పాపం, ఎవరో ఒంటరి ఆడమనిషి" అని జాలిపడ్డాడు. అప్పుడు నినోమియా కింద ఉన్న పేరు చదివాడు. "మిత్సు పేట, ఓచి కినుయో." చదివాక గానీ ఆ పేరెవరిదో అతనికి తట్టలేదు. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు.

కినుయో పక్క కుర్చీ దగ్గరే ఉంది, ఒకాయనకి గడ్డం గీస్తోంది. నొబోరు జుట్టు కత్తిరించడం, భార్య గడ్డం గీయడం, ఆ సెలూన్లో పెళ్ళైన నాటి నుంచీ అదే ఏర్పాటు. అందరి కళ్ళూ ఆమె మీదకి తిరిగాయి.

"అచ్చయిందా?" అంది కినుయో. అంతే. కత్తి ఆగలేదు. ఆ గడ్డం ఆసామి మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుని కుర్చీ చేతుల్ని పట్టుకున్నాడు.

నొబోరు నవ్వాడు. పదిమంది ముందు ఇంకేం చెయ్యాలో తోచక నవ్వాడు. ఆ నవ్వు నడుస్తుండగానే ఫోను మోగింది. ఉవాజిమా నుంచి చెల్లెలు ఫుసాయె. నొబోరు "హలో" అనగానే అటునుంచి ఏడుపు టక్కున ఆగిపోయింది.

"అన్నయ్యా? నువ్వేనా మాట్లాడుతోంది?"

"నేను కాక ఇంకెవరే?"

"మరి పేపర్లో పోయావని ఉందేంటి! వదిన స్వయంగా రాసింది కదా! మాకు కబురు కూడా పెట్టకుండా అంతా కానిచ్చేశారేమోనని ఆయనా నేనూ పొద్దుట్నించీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు."

"ముట్టుకోండి," అన్నాడు నొబోరు.

మధ్యాహ్నం పాత ఖాతాదారు ఒకాయన, కొండవైపు కాలనీకి మారిపోయినవాడు, నల్లకోటు వేసుకుని, పరామర్శకి తెచ్చే అగరొత్తుల పెట్టె, ఒక సంచీ కమలాపళ్ళు పట్టుకుని వచ్చాడు. తలుపు తీసింది నొబోరే. ఆయన ముందు నొబోరు మొహం కేసి చూశాడు, తర్వాత తన చేతిలోని అగరొత్తుల కేసి చూసుకున్నాడు, ఆఖరికి ఆ పెట్టెని కమలాల అడుగున దోపి, "ఇటుగా వెళ్తూ... పళ్ళు బాగున్నాయని..." అని నసిగాడు. తన చావుకి వచ్చిన పళ్ళు తనే అందుకుని, వంగి దండం పెట్టి, "శ్రమ తీసుకున్నారు" అన్నాడు నొబోరు. మర్యాద మర్యాదే కదా.

నొబోరు మాటల మనిషి కాదు. తండ్రి పెట్టిన సెలూన్, తండ్రి నేర్పిన కత్తెర. కినుయో పెళ్ళై వచ్చేనాటికే గడ్డం గీయడంలో లైసెన్సు ఉన్న మనిషి. రెండు కుర్చీల మధ్య వాళ్ళ కాపురం సాగింది. "ఓయ్, తువ్వాలు." "ఓయ్, వేడినీళ్ళు." "ఓయ్, నా కళ్ళద్దాలు ఎక్కడ?" ఇంతకు మించి పెళ్ళాన్ని ఏమైనా అడగాలని అతనికి ఎప్పుడూ తోచలేదు. సెలవు రోజైన సోమవారం మధ్యాహ్నం ఆమె రేవు దాటి అవతల కమ్యూనిటీ హాలుకి వెళ్తుందని తెలుసు. అక్కడ ఏం చేస్తుందో ఏళ్ళ తరబడి అడగలేదు. పూలు అమరుస్తారు కాబోలు అనుకున్నాడు.

ఇప్పుడు అడగాల్సింది ఒకటి వచ్చిపడింది. తను పోతే బాగుండునని తన పెళ్ళాం అనుకుంటోందా? ఒక్క మాటతో తేలిపోయేదే. కానీ ఆమె "అవును" అంటే ఆ తర్వాత ఏం చెయ్యాలో నొబోరుకి తెలీదు. అందుకని కక్కలేక మింగలేక ఊరుకున్నాడు. ఇలాంటి పిరికితనాన్ని మా పేటలో మగతనం అంటారు.

మర్నాడు సోమవారం. సోమవారం పొద్దున్నే కినుయో అతనికి గడ్డం గీయడం పెళ్ళైన కొత్తలో మొదలైన పని. నొబోరు కుర్చీలో వెనక్కి వాలాడు. వేడి తువ్వాలు మొహం మీద పడింది, తర్వాత నురగ, తర్వాత కత్తి. ఆ రోజు కత్తి చప్పుడు అతనికి విడిగా వినిపించింది.

"మనింట్లో టోపీ లేదు కదా," అన్నాడు కప్పు కేసి చూస్తూ.

"లేదు."

నిజమే. నొబోరు జన్మలో టోపీ పెట్టలేదు. జుట్టు కత్తిరించేవాడు తన జుట్టు దాచుకుంటే వ్యాపారానికి చేటని తండ్రి చెప్పేవాడు.

"మరి ఆ టోపీ ఎవరిది?"

"మీరు పనిలో వేసుకునే తెల్లకోటు అని రాస్తే అందరికీ సెలూనే గుర్తొస్తుంది. టోపీ అయితే ఎవరింట్లోనైనా ఉంటుంది. గడ్డం పైకెత్తండి."

ఎత్తాడు. కత్తి గొంతు మీదకి వచ్చింది. అసలు ప్రశ్న కూడా అక్కడి దాకా వచ్చి ఆగిపోయింది. ఆ స్థితిలో రెండో ప్రశ్న అడిగే మగాడు మా పేటలో ఇంకా పుట్టలేదు.

అంతటితో పోయేదేమో గానీ, నినోమియా అనేవాడు ఒకడున్నాడు కదా. ఆ సాయంత్రం చేప కొనడానికి వెళ్తే వాడు నొబోరుని మంచుపెట్టెల వెనక్కి లాక్కెళ్ళాడు.

"ఒరేయ్ నొబోరూ, నేను బాగా ఆలోచించాను. నీకు టోపీ లేదు. అవునా?"

"లేదు."

"నువ్వు పోలేదు కూడా. అవునా?"

"కనబడుతున్నాను కదరా!"

"మరి మీ ఆవిడకి టోపీ ఉన్న పోయినాయన ఒకడున్నాడు. నేనింకేం చెప్పను. ఇంద, ఈ బంగడా ముక్క ఊరికే తీసుకెళ్ళు."

అతను జాలిపడి ఇచ్చిన ఆ చేపముక్క నొబోరుకి గొంతు దిగలేదు. ఆ వారమంతా రోడ్డు మీద టోపీ పెట్టుకున్న ప్రతి ముసలాణ్ణీ ఎగాదిగా చూశాడు. తర్వాత, వీళ్ళెవరూ పోలేదు కదా, పోయినవాణ్ణి వెతకాలి కదా అని గుర్తొచ్చి, వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మానేశాడు. తను పోయాడా, ఇంకెవరైనా పోయారా, ఎవరూ పోలేదా? తల తిరిగిపోయింది.

గురువారం హ్యోడో మాస్టారు జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చారు. హైస్కూల్లో సాహిత్యం చెప్పి రిటైరైన మనిషి. కమ్యూనిటీ హాల్లో సోమవారం సభ నడిపేది ఆయనేనని, అది పూల సభ కాదు హైకూ సభ అని నొబోరుకి ఈ వారంలోనే తెలిసింది. కినుయో బట్టలు ఆరేయడానికి మేడ మీదకి వెళ్ళిన అదను చూసుకుని, మాస్టారి మెడ చుట్టూ గుడ్డ బిగించి మరీ అడిగాడు.

"మాస్టారూ, బతికున్నవాణ్ణి పద్యంలో చంపెయ్యొచ్చా?"

"ఎంచక్కా చంపొచ్చు. దాన్ని కల్పన అంటారు."

"అందులో 'నా' అని ఎక్కడా లేదు కదా. ఎవరి మొగుడో అనుకోవచ్చుగా?"

"అలా కుదరదు. హైకూలో కర్త చెప్పకపోతే 'నేను' అనే చదువుకోవాలి. సంప్రదాయం."

"అంటే పోయింది నేనే."

"కాదు కాదు. పద్యంలో వినపడే నేను వేరు, రాసిన మనిషి వేరు. దాన్ని కవితలోని గొంతు అంటారు. అది కినుయో గారు కాదు."

"మా ఆవిడ కాదు. మరి నేను?"

"మీరసలు లేరు," అన్నారు మాస్టారు ప్రశాంతంగా.

నొబోరు చెవి పైన రెండు వెంట్రుకలు అదనంగా కత్తిరించాడు. "లేనివాడికి అగరొత్తులు ఎందుకొచ్చాయి?"

"పద్యం పండిందనడానికి గుర్తు అది! ఆ 'శరత్కాలపు గాలి' చూశారూ, అది ఋతు పదం, హైకూకి అలాంటిది ఒక్కటే ఉండాలి. ఆ ఒక్క మాటలోనే వందల ఏళ్ళ దిగులు నిలవ ఉంది. మనం ఏడవక్కర్లేదు, అదే మన తరఫున ఏడుస్తుంది."

"అయితే మా ఆవిడ ఏడవలేదన్నమాట."

"ఏడ్చానని రాస్తే పద్యం పాడైపోతుందండీ."

"రాయడం సంగతి కాదు నేనడిగేది," అన్నాడు నొబోరు. ఎలా అడిగితే ఈయనకి అర్థమవుతుందో అతనికి తెలియలేదు. సాహిత్యం చదువుకున్నవాళ్ళతో ఇదే చిక్కు. నువ్వు ఇంటి సంగతి అడుగుతావు, వాళ్ళు గోడకి వేసిన రంగు గురించి చెప్తారు.

మాస్టారు ఊపు మీదున్నారు. "టోపీ తర్వాత విరిచింది గమనించారా? ఇటు టోపీ, అటు గాలి. పక్కపక్కన పెట్టి వదిలేశారు. రెంటికీ మధ్య ఏమీ చెప్పకూడదు. చదివేవాడే పూరించుకోవాలి."

"మధ్యలో ఏమీ చెప్పకపోవడం మా ఇంట్లో ఎప్పట్నుంచో ఉంది," అన్నాడు నొబోరు. "దానికింత పేరుందని తెలీదు."

మాస్టారు అద్దంలోంచి అతన్ని చూశారు. మొదటిసారి కాస్త మనిషిలా చూశారు. "కోపంగా ఉంటే మీరూ ఒకటి రాయండి. వచ్చే సోమవారం సభకి రండి. కోపం అని రాయొద్దు, బాధ అని రాయొద్దు. ఒక వస్తువు పెట్టండి, చాలు. మిగతాదంతా ఆ వస్తువే మాట్లాడుతుంది."

ఆ సలహా నొబోరుకి నచ్చింది, కానీ మాస్టారు అనుకున్నందుకు కాదు. నన్ను చంపావు కదా, నేనూ నిన్ను చంపుతాను, అప్పుడు తెలుస్తుంది నీకు అనుకున్నాడు. పేపరు మీద చంపుకోవడానికి పోటీపడే మొగుడూ పెళ్ళాల్ని నేను మరెక్కడా చూడలేదు.

సోమవారం పొద్దున్న కినుయో సబ్బు, నూనె తేవడానికి బజారుకెళ్ళింది. నొబోరు వంటగదిలో కూర్చుని కాగితం మీద "పోయినావిడ" అని రాశాడు. రాయగానే ఒళ్ళు జలదరించింది. కొట్టేసి, ఒకసారి వీధిలోకి తొంగిచూసి, ఆమె ఇంకా రాలేదని కంగారుపడి, బజారుకెళ్ళిన మనిషి అప్పుడే ఎలా వస్తుందని తనని తానే తిట్టుకుని, మళ్ళీ రాశాడు. ఇప్పుడు వస్తువు కావాలి. పోయినాయనకి టోపీ ఉంది, మరి పోయినావిడకి ఏమిటి?

దువ్వెన రాద్దామనుకున్నాడు. సెలూన్లో దువ్వెనలకి కొదవా? కానీ అవన్నీ షాపువి. కత్తి? దాన్ని సానబెట్టే తోలుపట్టీ తన తండ్రిది, కత్తేమో హోల్‌సేల్ కొట్టువాడు కొత్త ఏడాదికి ఇచ్చింది. టీ కప్పు చూశాడు. పెద్ద కప్పు తనది, నీలం చారలది. రెండో కప్పులో ఎవరొస్తే వాళ్ళు తాగుతారు. వాకిట్లో చెప్పులు చూశాడు. తనవి మూడు జతలు, ఒకటి ఇద్దరూ వేసుకునేది. కొక్కేలకి చూస్తే తన తెల్లకోటు, తన వానకోటు, తన పంచాంగం. కూర్చునే మెత్త మీద తను కూర్చున్న పల్లం. అల్మారా తీశాడు. అందులో ఆమె బట్టలున్నాయి, మడతలు పెట్టి ఉన్నాయి. వాటిలో ఆమెకి ఇష్టమైనది ఏదో అతనికి తెలీదు. ఏది ఎప్పుడు కట్టుకుంటుందో కూడా తెలీదు. ఒకదాన్ని పైకి తీసి, దాన్ని మళ్ళీ అలా మడవడం రాక, చుట్టి లోపలికి తోసేశాడు.

ఇల్లంతా తిరిగాడు. మంచం కింద కూడా చూశాడు. ఇది నా పెళ్ళాం వస్తువు, ఇది చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది అనదగ్గది ఒక్కటీ దొరకలేదు. చిత్రమైన సంగతి, కోపం ఎక్కడో జారిపోయింది. దాని స్థానంలో వచ్చినదేమిటో అతనికి బోధపడలేదు. గొంతు మాత్రం ఎండిపోయింది. టీ పెట్టుకుందామని లేచాడు. బయట గాలి ఒక్కసారిగా చల్లబడింది. నీళ్ళు కాగాయి. టీ డబ్బా కనపడలేదు. అరలన్నీ తీశాడు, మూశాడు. "ఓయ్!" అని అరిచాడు, అలవాటు కొద్దీ. ఇంట్లో ఎవరూ లేరు.

నీళ్ళు మరిగి మరిగి ఆవిరైపోతుంటే చూస్తూ నించుని, ఆఖరికి కాగితం తీసి, ఉన్నదున్నట్టు రాసేశాడు.

మధ్యాహ్నం కినుయో వెనకే తనూ చెప్పులు వేసుకున్నాడు. "మీరెక్కడికి?" అంది ఆమె. "మాస్టారు రమ్మన్నారు," అన్నాడు. రేవు పడవలో ఇద్దరూ అవతలి గట్టుకేసి చూస్తూ కూర్చున్నారు. ఇటు టోపీ, అటు గాలి.

సభలో పదిమంది దాకా ఉన్నారు. పొట్టి బల్ల చుట్టూ కూర్చుని, బియ్యప్పిండి బిస్కట్లు నములుతూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. సభ పద్ధతి మాస్టారు నొబోరుకి చెప్పారు. అందరూ తమ పద్యాలు పేరు లేకుండా చీటీల మీద రాసి పడెయ్యాలి. వాటిని కలిపేసి ఒకరివి ఇంకొకరు తిరగరాస్తారు, దస్తూరీ చూసి ఎవరూ పోల్చుకోకుండా. తర్వాత నచ్చినవి ఎంచుకుని, ఎందుకు నచ్చాయో మాట్లాడుకోవాలి. మాటలన్నీ అయ్యాకే రాసినవాళ్ళు పేరు చెప్పాలి. అప్పటి దాకా తన పద్యాన్ని ఎవరేమన్నా నోరు విప్పకూడదు.

నొబోరు తన చీటీ పడేసి, మూల కూర్చుని, పెళ్ళాన్ని చూశాడు. ఆమె నవ్వుతోంది. పక్కనున్న షిరాయిషి అవ్వ ఏదో అంటే పగలబడి నవ్వుతోంది. ఆ గొంతు అతను ఎప్పుడూ వినలేదు. ఒక పద్యానికి రెండు ఋతు పదాలు పడ్డాయని మాస్టారితోనే వాదనకి దిగింది, గెలిచింది కూడా. మాస్టారు "కినుయో గారి ముందు నా ఆటలు సాగవు" అన్నారు. ఈవిడెవరు అనుకున్నాడు నొబోరు. సెలూన్లో తన పక్కన నించునే మనిషికీ ఈవిడకీ మొహం ఒక్కటే కలుస్తోంది.

అతని పద్యం వంతు వచ్చింది. మాస్టారు చదివారు.

"తొలి చలి...
టీ డబ్బా ఎక్కడుందో
ఎవరినడగాలి?"

"దీన్ని ముగ్గురు ఎంచుకున్నారు. నేనూ ఒకణ్ణి," అన్నారు. "చావు అన్న మాట లేకుండా చావు చెప్పాడు. అడగడానికి మనిషి లేదు. చెప్పకుండా వదిలెయ్యడంలో ఉంది దీని బలం."

"పాపం, పెళ్ళాం పోయిన మగాడు," అంది షిరాయిషి అవ్వ కళ్ళు ఒత్తుకుంటూ. "మా ఆయన ముందు పోవడమే మేలైంది. వెనకాల మిగిలుంటే ఇలాగే అల్లాడేవాడు."

"పోయిందని ఎందుకనుకోవాలి?" అన్నాడు ఒక బట్టల కొట్టాయన. "అలిగి పుట్టింటికి వెళ్ళుండొచ్చు."

"మూడో ఓటు కినుయో గారిది. మీరేమంటారు?" అన్నారు మాస్టారు.

కినుయో చేతిలో బిస్కట్టు తిప్పుతూ ఆలోచించింది. "ఆవిడ పోలేదండీ," అంది. "పుట్టింటికీ వెళ్ళలేదు. పక్క గదిలోనే ఉంది. ఆయన అరుపు వినబడుతోంది. పలకట్లేదు, అంతే."

"ఎందుకు పలకదూ?"

"పలికీ పలికీ విసుగెత్తిపోయింది. ఈ ఒక్కసారికి ఆయన్నే వెతుక్కోమందామని కూర్చుంది. డబ్బా ఎదురుగానే ఉంటుంది, చూడండి. ఈయన ఎప్పుడూ చూడలేదంతే."

అందరూ గొల్లున నవ్వారు. ఆడవాళ్ళు మరీ నవ్వారు. నొబోరుకి చెవులు వేడెక్కాయి. తను రాసినది ఒకటి, వీళ్ళకి కనబడుతున్నది నాలుగు రకాలు. కాదు, నేనింట్లో ఒక్కణ్ణే ఉన్నాను, నిజంగా ఎవరూ లేరు అని అరవాలనిపించింది. అరవకూడదు. అది రూలు. తన పద్యంలోంచి తననే బయటకి నెట్టి తలుపేశారు.

"సరే, ఎవరిదండీ ఇది?" అన్నారు మాస్టారు.

పేరు చెప్పకపోతే సరిపోతుందా అని ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత, మూలలోంచి, "నొబోరు" అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. కినుయో బిస్కట్టు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. మాస్టారు దగ్గి, తర్వాతి పద్యం చదివారు. అది మంచు గురించి. దాన్నెవరూ వినలేదు.

సభ అయ్యాక ఇద్దరూ రేవుకి వచ్చారు. పడవ అవతలి గట్టున ఉంది. చలిగాలి నీళ్ళ మీంచి వచ్చి మొహాలకి కొడుతోంది. ఇంతమంది ముందు పరువు పోయింది, ఇక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. అందుకే కాబోలు నోరు పెగిలింది.

"ఓయ్. నేను పోతే బాగుండుననుకున్నావా?"

లేదు లేదు అని గుండెలు బాదుకుంటుందేమో అని ఎదురుచూశాడు. బాదుకోలేదు.

"ఆ పద్యం రాసిన రోజు మీరు పేట సంఘం మీటింగుకి వెళ్ళారు," అంది కినుయో. "దుకాణం కట్టేసి కూర్చున్నాను. తువ్వాలనీ, నీళ్ళనీ ఎవరూ పిలవట్లేదు. కిటికీలోంచి గాలొచ్చింది. ఎంత హాయిగా ఉందో! హాయిగా ఉందని అనుకోగానే భయమేసింది. లేచి వీధిలోకి వచ్చి మీరొచ్చే దాకా అక్కడే నించున్నాను. మీరొచ్చి 'ఓయ్, అన్నం' అన్నారు."

"మరి పద్యంలో ఉన్నది హాయా, భయమా?"

"నాకూ తెలీదు. పదిహేడు మాత్రల్లో రెండూ పట్టవు. ఏది మిగిలిందో చదివినవాళ్ళే చెప్పాలి. మీ చెల్లెలు చదివి ఏడ్చింది. ఆ ఆదివారం దాన్ని చదివిన ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు మాత్రం నన్ను చూసి ఏమీ అనకుండా నవ్వారు."

నొబోరు తల గోక్కున్నాడు. అవునో కాదో తేలుతుందని అడిగాడు, ఇప్పుడు రెండూ చేతిలో పెట్టింది. అబద్ధం చెప్పి ఉంటే ఎంత తేలికగా ఉండేది! నిజం చెప్పింది కాబట్టి దాన్నేం చేసుకోవాలో తెలియక నీళ్ళ కేసి చూశాడు. బాధగా ఉంది. ఆమె ఆ సాయంత్రం వీధిలో నించుందన్న మాట దగ్గర మాత్రం బాధ కాస్త తగ్గుతోంది.

"మరి మీ సంగతి?" అంది కినుయో. ఇప్పుడామె గొంతులో కోపముంది. "నేను పోతే మీకు వచ్చే లోటు టీ డబ్బా ఒక్కటేనా? ఇన్నేళ్ళు కాపురం చేసి, నన్ను తలుచుకోదగ్గ వస్తువు అదా?"

"కాదు."

"మరేమిటి?"

"నాకు తెలీదు," అన్నాడు నొబోరు. "నిన్ను చంపుదామనే కూర్చున్నాను. నీ వస్తువు ఒకటి పెడదామని ఇల్లంతా వెతికాను. అల్మారా వెతికాను, మంచం కింద వెతికాను. అన్నీ నావే ఉన్నాయి. నీది ఒక్కటీ కనపడలేదు."

పడవ వచ్చి గట్టుకి ఆనింది. పడవవాడు ఎక్కమన్నట్టు చూశాడు. ఆమె కదల్లేదు.

"ఆ మాట రాయకపోయారా?" అంది చివరికి. "ఆ మాట రాసుంటే సభ మొత్తంలో మొదటి ఓటు మీకే వేసేదాన్ని."

నొబోరు ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏ వైపు నుంచి చూసినా అర్థం కాలేదు. ఈసారి ఊరుకోలేదు, అడిగాడు.

"ఇంతకీ మెచ్చుకుంటున్నావా, తిడుతున్నావా?"

"తిడుతున్నాను," అంది కినుయో, చేత్తో కళ్ళు తుడుచుకుంటూ.